పాత మూలికా గ్రంథాలు, తొలి తోటపని పుస్తకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల మీది ఇష్టం కొందరిని నర్సరీలకు తీసుకెళ్తుంది, కొందరిని అడవికి. నన్ను పాత పుస్తకాల దగ్గరికి తీసుకొచ్చింది. కొన్నేళ్ళుగా వీటిని చదువుతున్నానని తెలిసిన మిత్రులు, విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు వైద్యులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కొన్నిటికి కథ మొదటి నుంచీ చెప్పాలి.

మూలికా గ్రంథం అని దేన్ని అంటారు?

మొక్కను గుర్తుపట్టడానికి, దాన్ని ఏ జబ్బుకు ఎలా వాడాలో తెలుసుకోవడానికి రాసుకున్న పుస్తకాన్ని. ఇంగ్లీషులో హెర్బల్ అంటారు. ఒక్కో మొక్కకు ఒక్కో అధ్యాయం ఉంటుంది. పేరు, ఇతర భాషల్లో పేర్లు, ఆకు, పువ్వు, వేరు ఎలా ఉంటాయో, ఎక్కడ మొలుస్తుందో, ఏ కాలంలో తవ్వి తీయాలో, గుణమేమిటో వరసగా చెబుతారు. చాలావాటిలో బొమ్మ కూడా ఉంటుంది.

మనకు ఇది కొత్త సంగతి కాదు. నిఘంటువు అనగానే ఇప్పుడు మనకు పదకోశం గుర్తొస్తుంది కానీ, ఆయుర్వేదంలో నిఘంటువు అంటే ఔషధ ద్రవ్యాల పేర్లూ గుణాలూ చెప్పే గ్రంథం. ధన్వంతరి నిఘంటువు, రాజనిఘంటువు, 1374 నాటి మదనపాల నిఘంటువు అలాంటివే. వాటిలో బొమ్మలు ఉండవు. ఒకే మొక్కకు పదీ పదిహేను పర్యాయపదాలు ఉంటాయి. ఆ పర్యాయపదాలే బొమ్మ పని చేస్తాయి: ఒక పేరు ఆకు ఆకారం చెబుతుంది, ఒకటి పువ్వు రంగు, ఒకటి వాసన, ఒకటి మొలిచే చోటు. యూరప్ మొక్కను గీసి చూపిస్తే మనవాళ్ళు పేర్లతో చూపించారు. ఈ పుస్తకాలన్నిటిలో నన్ను పట్టి ఉంచింది ఈ పేర్ల సంగతే.

అన్నిటికంటే ప్రసిద్ధమైన పాత గ్రంథం ఏది?

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో డయోస్కొరిడీస్ గ్రీకులో రాసిన అయిదు భాగాల గ్రంథం. లాటిన్‌లో దాని పేరు డె మటీరియా మెడికా. రచయిత ఇప్పటి టర్కీలోని అనాజర్బస్ ఊరివాడు, వైద్యుడు. సుమారు ఆరువందల మొక్కల గురించి రాశాడు. ఆ తర్వాత పదిహేను వందల ఏళ్ళపాటు యూరప్, అరబ్బు దేశాల వైద్యులకు అదే ప్రమాణం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో దాన్ని అరబ్బీలోకి అనువదించారు.

మన మిరియాలు అందులో ఉన్నాయి. చెట్టు భారతదేశంలో ఉంటుందని రాశాడు, కానీ దాన్ని చూడలేదు. అందుకే పిప్పళ్ళు, తెల్ల మిరియాలు, నల్ల మిరియాలు అన్నీ ఒకే చెట్టుకు వేర్వేరు దశల్లో కాసేవని నమ్మాడు. మిరియం తీగను రోజూ చూసే మలబారు మనిషిని ఒక్క మాట అడిగే వీలుంటే ఆ తప్పు వెయ్యేళ్ళు నిలిచేది కాదు.

ఆ గ్రంథపు అత్యంత అందమైన ప్రతి వియన్నాలో ఉంది. సుమారు 512లో కాన్‌స్టాంటినోపుల్‌లో అనీసియా జూలియానా అనే రాజవంశపు స్త్రీ కోసం తయారైంది. దాదాపు నాలుగు వందల మొక్కల చిత్రాలు తోలు పుటల నిండా ఉన్నాయి. చేతులు మారినకొద్దీ చదివినవాళ్ళు అరబ్బీలో, హీబ్రూలో మొక్కల పేర్లు పక్కన రాసుకున్నారు. 1569లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి కోసం దాన్ని కొన్నారు. వెయ్యేళ్ళ తర్వాత కూడా వైద్యులు పని కోసం విప్పి చూసిన పుస్తకమది.

16వ శతాబ్దంలోనే ఇన్ని గ్రంథాలు ఎందుకు పుట్టుకొచ్చాయి?

అచ్చు వల్ల. చేత్తో నకలు రాసే కాలంలో బొమ్మను చూసి బొమ్మ, దాన్ని చూసి మరో బొమ్మ గీసేవారు. పది తరాలు గడిచేసరికి ఆకు ఆకులా ఉండేది కాదు. చెక్క దిమ్మె మీద బొమ్మ చెక్కి అచ్చు వేస్తే మొదటి ప్రతిలోనూ వెయ్యో ప్రతిలోనూ అదే బొమ్మ. అప్పుడు బొమ్మను నిజం మొక్కతో సరిచూసి గీయించడానికి విలువ వచ్చింది.

1530లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒట్టో బ్రున్‌ఫెల్స్ అచ్చు వేసిన గ్రంథానికి హాన్స్ వైడిట్జ్ అనే చిత్రకారుడు ఎదుట పెట్టుకున్న మొక్కను ఉన్నదున్నట్టు గీశాడు. వాడిన ఆకు వాడినట్టే, పురుగు తిన్న ఆకు చిల్లులతోనే ఉంటుంది. ఇక 1542లో బాసెల్ నగరంలో లియొన్‌హార్ట్ ఫుక్స్ వేసిన గ్రంథం. అయిదు వందలకు పైగా నిలువెత్తు బొమ్మలు. ఫుక్స్ వైడిట్జ్‌లా ఒక్క మొక్కను గీయించి ఊరుకోలేదు. మొగ్గ, పువ్వు, కాయ, వేరు ఒకే బొమ్మలో పెట్టించాడు. ఏ కాలంలో చూసినా మొక్కను గుర్తుపట్టాలని.

ఆ గ్రంథం చివర ముగ్గురు మనుషుల చిత్తరువులు ఉంటాయి. మొక్కను చూసి గీసిన ఆల్బ్రెక్ట్ మేయర్, ఆ గీతను చెక్క మీదికి ఎక్కించిన హైన్రిక్ ఫుల్‌మావుర్, చెక్కిన వైట్ రుడాల్ఫ్ స్పెక్లె. ముగ్గురి పేర్లూ అచ్చయ్యాయి. ఈ పేజీని గుర్తుంచుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మిరపకాయ ఆ పుస్తకాల్లో ఉందా?

ఉంది, ఫుక్స్ గ్రంథంలోనే. ఆ మొక్క అమెరికా నుంచి వచ్చింది. కానీ ఫుక్స్‌కు తెలిసిన జర్మన్ పేరు ‘కాలికట్ మిరియం’. పోర్చుగీసు ఓడల దారిలో ఎక్కడెక్కడో తిరిగిన కాయ జర్మనీ చేరేసరికి కాలికట్‌ది అయిపోయింది. మొక్కజొన్నను కూడా ఆయన టర్కీ ధాన్యం అన్నాడు. కొత్త మొక్కకు తెలిసిన పేరునే తగిలించడం అన్ని భాషలూ చేసిన పనే. మన మిరప కూడా మిరియం నుంచి వచ్చిన మాటేనంటారు.

బొమ్మలున్నాయి కాబట్టి ఆ పుస్తకాల్లోదంతా నమ్మవచ్చా?

లేదు. 1597లో లండన్‌లో వచ్చిన జాన్ జెరార్డ్ గ్రంథం ఇంగ్లీషువాళ్ళకు ప్రాణం. అందులోని సుమారు 1800 బొమ్మల్లో అత్యధిక భాగం జర్మనీలో అంతకుముందే వాడిన దిమ్మెల నుంచి వచ్చినవి. పాఠంలో చాలా భాగం డోడూన్స్ అనే ఫ్లెమిష్ వైద్యుడి గ్రంథం నుంచి వచ్చింది. చివర్లో ఒక చెట్టు బొమ్మ ఉంటుంది, దాని కాయల్లోంచి బాతులు పుడుతుంటాయి. లాంకషైర్ తీరంలో తన కళ్ళతో చూశానని జెరార్డ్ రాశాడు. బంగాళదుంప మొక్క బొమ్మ అచ్చులో మొదట కనిపించింది కూడా ఈ పుస్తకంలోనే, అయితే దాని పుట్టిల్లు వర్జీనియా అని పొరపాటు పడ్డాడు.

1633లో థామస్ జాన్సన్ అనే మందుల వ్యాపారి ఆ పుస్తకాన్ని దిద్ది, వందల మొక్కలు చేర్చి మళ్ళీ వేయించాడు. ఆ ఏడాదే బెర్ముడా నుంచి వచ్చిన అరటి గెల ఒకటి తన దుకాణంలో వేలాడదీసి, దాని బొమ్మ పుస్తకంలో వేశాడు. అది చూడటానికి లండన్ జనం ఎగబడ్డారు. మన పెరటి అరటి మరో ఊళ్ళో అబ్బురమైందని చదివినప్పుడు నాకు ఆ బొమ్మ మీద మమకారం పెరిగింది.

‘రెండో స్థాయి వేడి, మొదటి స్థాయి పొడి’ అని రాసి ఉంటుంది. ఏమిటది?

ఇది చదివి పాశ్చాత్య పాఠకులు తికమకపడతారు. మనం పడనక్కర్లేదు. బొప్పాయి వేడి చేస్తుంది, సబ్జా చలువ చేస్తుంది అని ఇంట్లో వింటూ పెరిగినవాళ్ళమే. గ్రీకు వైద్యుడు గేలెన్ సంప్రదాయంలో ప్రతి ద్రవ్యానికీ వేడి లేదా చలువ, తడి లేదా పొడి అనే గుణాలు ఉంటాయి. ఒక్కో గుణానికి ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలు. దోసకాయ చలువ, మిరియం బాగా వేడి. రోగి శరీరం ఏ వైపు ఒరిగిందో చూసి దానికి ఎదురు గుణమున్న మూలిక ఇస్తారు. మన వాత పిత్త కఫాలూ, ఒంట్లో ఉంటాయని వాళ్ళు నమ్మిన నాలుగు రసాలూ ఒకటి కావు. కానీ ఆలోచించే తీరు దగ్గరగా ఉంటుంది.

అందులోని మందులు ఇప్పుడు వాడవచ్చా?

వద్దు. గట్టిగానే చెబుతున్నాను, వద్దు.

ఒక్క ఉదాహరణ చాలు. ఆ కాలపు వైద్యుల్లో చాలామంది మొక్క ఆకారమే దాని వాడకాన్ని చెబుతుందని నమ్మేవారు. అక్రోటు పప్పు మెదడులా ఉంది కాబట్టి తలకు మంచిది. మచ్చలున్న ఆకు ఊపిరితిత్తిలా ఉంది కాబట్టి దగ్గుకు మంచిది. 1588లో ఇటలీకి చెందిన డెల్లా పోర్టా దీని మీద ఒక పుస్తకమే రాశాడు. అరిస్టొలోకియా అనే జాతి మొక్క పువ్వు గర్భసంచిని తలపిస్తుంది. గ్రీకులో ఆ పేరుకు ‘మంచి కాన్పు’ అని అర్థం. శతాబ్దాలపాటు బాలింతలకు ఇచ్చారు. మన ఈశ్వరి, గాడిదగడప ఆ జాతివే. ఆ మొక్కల్లోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందనీ క్యాన్సర్ కలిగిస్తుందనీ ఇప్పుడు రుజువైంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మందులో ఈ జాతి వేరు కలిసి, వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

హాని వెంటనే కనిపించి ఉంటే వైద్యులు మానేసేవారు. అది ఏళ్ళ తర్వాత బయటపడేది కాబట్టి ఎన్ని తరాల అనుభవమున్నా పట్టుకోలేకపోయారు. కాబట్టి పాత పుస్తకంలో ఉంది, మన పెద్దలు వాడారు అన్నది భద్రతకు హామీ కాదు. మందు కోసమైతే అర్హత ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఈ పుస్తకాలను చరిత్ర కోసం, మొక్క కోసం, భాష కోసం చదవండి.

స్త్రీలు ఎవరైనా ఇలాంటి గ్రంథాలు చేశారా?

ఎలిజబెత్ బ్లాక్‌వెల్. ఆమె భర్త అప్పుల పాలై లండన్‌లో జైల్లో పడ్డాడు. అతణ్ణి విడిపించడానికి ఆమె చెల్సీ ఔషధ తోట పక్కన ఇల్లు తీసుకుని, అక్కడి మొక్కలు గీసి, రాగిరేకుల మీద తానే చెక్కి, అచ్చయిన బొమ్మలకు తానే రంగులు వేసింది. 1737 నుంచి 1739 వరకు 500 బొమ్మలు. గీయడం, చెక్కడం, రంగు వేయడం మామూలుగా ముగ్గురు చేసే పని. ఫుక్స్ దగ్గర ముగ్గురు ఉన్నారు కదా. ఆమె ఒక్కతే చేసింది. ఆ డబ్బుతో భర్త బయటపడ్డాడు. తర్వాత స్వీడన్ వెళ్ళి రాజకీయ కుట్ర నేరం కింద 1747లో మరణశిక్షకు గురయ్యాడు.

తోటపని పుస్తకాలు వేరుగా ఎప్పుడు వచ్చాయి?

ఇంగ్లీషులో 16వ శతాబ్దం మధ్యలో. థామస్ హిల్ రాసిన పుస్తకాలు మొదటివి. 1577లో వచ్చిన ‘ది గార్డెనర్స్ లాబరింత్’ మీద రచయిత పేరు డిడిమస్ మౌంటెన్ అని ఉంటుంది. అది ఆయన పేరే: థామస్ అంటే కవల అని అర్థం, గ్రీకులో డిడిమస్ అన్నా కవలే. హిల్ కొండ కాబట్టి మౌంటెన్. కంచె ఎలా వేయాలో, మడులకు నీళ్ళు ఎలా పెట్టాలో, చంద్రుడి వృద్ధి క్షయాలను బట్టి విత్తనం ఎప్పుడు చల్లాలో అందులో ఉంటుంది. కార్తెలు చూసి దుక్కి దున్నే నేల మీద పెరిగినవాళ్ళకు ఆ అధ్యాయాలు పరాయిగా అనిపించవు.

1629లో జాన్ పార్కిన్సన్ పూలతోట, కూరగాయల మడి, పండ్లతోట మూడింటికీ కలిపి ఒక పెద్ద పుస్తకం వేశాడు. మొక్కను మందుగా కాక అందం కోసం చూడమని చెప్పిన తొలి ఇంగ్లీషు పుస్తకాల్లో అదొకటి. 1731లో ఫిలిప్ మిల్లర్ తోటమాలుల నిఘంటువు వచ్చింది. ఆయన చెల్సీ తోట అధిపతి. ఆయన బతికుండగానే ఎనిమిది ముద్రణలు పొందింది. ఎనిమిదో ముద్రణలో, 1768లో, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ పద్ధతిలో రెండు పదాల శాస్త్రీయ నామాలు వాడాడు. అక్కడితో పాత మూలికా గ్రంథాల కాలం దాదాపు ముగిసింది.

మన దేశంలో తోటల మీద పాత పుస్తకాలు లేవా?

ఉన్నాయి. ఆ విద్య పేరు వృక్షాయుర్వేదం. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికి ఒక అధ్యాయం ఇచ్చాడు. 14వ శతాబ్దపు శార్ఙ్గధర పద్ధతిలో ఉపవన వినోదం అనే భాగం ఉంది. అన్నిటికంటే వివరంగా ఉన్నది సురపాలుడి వృక్షాయుర్వేదం.

సురపాలుడి గ్రంథం మనకు చేరిన దారి చెప్పుకోదగ్గది. దాని రాతప్రతి ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని తెప్పించి, ఇంగ్లీషు అనువాదంతో 1996లో ప్రచురించినది సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్. అనువదించినవారు నళినీ సాధలే.

అందులోని కుణపజలం ఇప్పుడు సేంద్రియ రైతుల నోట వినిపిస్తోంది. మాంసం, మజ్జ, కొవ్వు నీళ్ళలో ఉడికించి, తెలకపిండి, పొట్టు, నానిన మినుములు, తేనె, నెయ్యి, పాలు కలిపి కుండలో మురగబెట్టే ద్రవపు ఎరువు అది. ఎముకలూ పిండీ పప్పూ మురిగితే నత్రజని, భాస్వరం మొక్కకు అందే రూపంలోకి వస్తాయి. కారణం వేరే మాటల్లో చెప్పుకున్నా పని అదే. చెట్టుకూ వాత పిత్త కఫాల జబ్బులు ఉంటాయని చెప్పే అధ్యాయాలు కూడా ఆ గ్రంథంలో ఉన్నాయి. వాటిని తోసిపుచ్చేముందు ఒకసారి చదవండి. రోగ లక్షణాలను చూసిన కన్ను పదునైనది.

భారతదేశపు మొక్కల గురించి యూరప్‌వాళ్ళు రాసిన తొలి అచ్చు పుస్తకం ఏది?

1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా పుస్తకాన్ని ముందు చెప్పుకోవాలి. మన దేశంలో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఓర్తా పోర్చుగీసు వైద్యుడు, అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాంషాకు మిత్రుడు. పుస్తకమంతా ప్రశ్నోత్తరాలే: యూరప్ నుంచి కొత్తగా దిగిన రువానో అనే పండితుడు అడుగుతాడు, ఓర్తా చెబుతాడు. గ్రీకులు ఇలా రాశారు కదా అని రువానో అంటే, నేను ఇక్కడ నా కళ్ళతో చూశాను, అలా లేదు అంటాడు ఓర్తా. ఆ కాలంలో అలా అనడానికి ధైర్యం కావాలి. ఆయన యూదు మూలాలున్నవాడు. 1568లో చనిపోయాడు. గోవాలోని మత విచారణ సంస్థ 1580లో ఆయన ఎముకలు తవ్వి తీయించి కాల్పించింది.

తర్వాతది హోర్టస్ మలబారికస్. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరుగా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ తలపెట్టగా, 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వచ్చింది. 742 మొక్కలు, దాదాపు ఎనిమిది వందల రాగిరేకు బొమ్మలు. మొదటి మొక్క కొబ్బరి, దాని మలయాళం పేరు తెంగతోనే మొదలవుతుంది. మొక్కల జ్ఞానం ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడిది, రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే కొంకణి బ్రాహ్మణ వైద్యులది. వాళ్ళు తమ లిపుల్లో రాసిచ్చిన ధృవపత్రాలు మొదటి సంపుటంలో అచ్చయ్యాయి. లినేయస్ తన శాస్త్రీయ నామాలకు ఈ బొమ్మలను ఆధారంగా తీసుకున్నాడు. లాటిన్ సంపుటాలను కె. ఎస్. మణిలాల్ దశాబ్దాల శ్రమతో ఇంగ్లీషులోకి, మలయాళంలోకి తెచ్చారు. మూడు శతాబ్దాలు దాటాక ఆ జ్ఞానం పుట్టిన భాషకు తిరిగి చేరింది.

తెలుగు నేల మొక్కల మీద అలాంటి పుస్తకం ఉందా?

ఉంది. దాని గురించి మనవాళ్ళకు తెలిసింది తక్కువ.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1776లో మద్రాసు చేరి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. కాకినాడ పక్కనే ఉన్న ఆ ఊళ్ళో తోట వేసి మిరియం, నీలి, కాఫీ, దాల్చిన చెక్క పెంచి చూశాడు. 1787లో వచ్చిన ఉప్పెనలో పుస్తకాలు, కాగితాలు, సేకరించిన మొక్కలు పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు.

లండన్‌లో వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఆయన పంపిన చిత్రాల్లోంచి 300 ఎంచి, కంపెనీ ఖర్చుతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వేయించాడు. కోరమాండల్ అంటే మన తూర్పు తీరం. పెద్ద కాగితం మీద, చేత్తో రంగులు వేసిన బొమ్మలు. తొలి సంపుటానికి ముందుమాట రాసినవాడు విశాఖపట్నంలో కొన్నేళ్ళున్న పాట్రిక్ రస్సెల్.

తెరిచి చూడండి. మూడో బొమ్మ చిరివేరు. తీరప్రాంతపు అద్దకాలకు ఎర్ర రంగు ఇచ్చిన వేరు అది. మచిలీపట్నం కలంకారీ ఎరుపు దాని నుంచి వచ్చిందే. రాక్స్‌బర్గ్ మొక్కను వర్ణించి ఆగలేదు, మన అద్దకం పనివారు ఆ వేరుతో రంగు ఎలా పట్టిస్తారో రాశాడు. 17వ బొమ్మ సోమిద చెట్టు. దాని బెరడు జ్వరాలకు క్వినైన్ ఇచ్చే సింకోనా బెరడు బదులు పనికొస్తుందని ఆయన ఆశ. తర్వాత ఆ ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం సోయ్‌మిడా, మన తెలుగు మాటే. 19వ బొమ్మ ఇప్ప. 21వది మోదుగ. మోదుగ ప్రజాతికి మాత్రం బ్యూట్ ప్రభువు పేరు దక్కింది, అందుకే అది బ్యూటియా. ఒక చెట్టు తెలుగు పేరుతో ప్రపంచమంతా తిరుగుతోంది. పక్కనే ఉన్న చెట్టుకు మోదుగ పువ్వును చూసి మురిసిన ఏ తెలుగువాడి పేరూ లేదు.

ఇప్పుడు ఫుక్స్ పుస్తకంలోని ఆ మూడు చిత్తరువుల దగ్గరికి వద్దాం. 1542లో జర్మన్ చిత్రకారుల పేర్లు, ముఖాలు అచ్చయ్యాయి. రెండున్నర శతాబ్దాల తర్వాత కోరమాండల్ బొమ్మలు గీసింది రాక్స్‌బర్గ్ తర్ఫీదు ఇచ్చిన భారతీయ చిత్రకారులు. ఆ సంపుటాల్లో వాళ్ళ పేర్లు లేవు. ఏ ఊరివాళ్ళో, కూలి ఎంతో, మొక్క తెచ్చి పెట్టి ‘దీన్ని చిరివేరు అంటారు దొరా’ అని చెప్పింది ఎవరో, ఏదీ లేదు. ఆ ఆకు ఈనెలు చూసినప్పుడల్లా నాకు ఆ లోటు గుచ్చుకుంటుంది. ఇట్టి అచ్యుతన్‌కు ఆ పాటి గుర్తింపైనా దొరికింది.

సామర్లకోట కథలో మరొకరు కూడా ఉన్నారు. లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడి చేరి, దక్షిణాదిన మొక్కల అధ్యయనానికి దారి వేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో చూసుకున్నది రాక్స్‌బర్గే.

ఆ పుస్తకాల్లో తెలుగు పేర్లు వెతకడం ఎలా?

ఓపికతో. రాక్స్‌బర్గ్ తెలుగు పేర్లను ‘టెలింగా’ పేర్లుగా ఇస్తాడు, తన చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు. పైకి చదివితే చాలాసార్లు పేరు దొరుకుతుంది, కళ్ళతో చూస్తే దొరకదు. ళ, ల కలిసిపోతాయి, ఒత్తులు పోతాయి. పేరు ముందు తెల్ల, నల్ల, అడవి ఉన్నాయేమో, చివర మాను, తీగ, కూర, గడ్డి ఉన్నాయేమో చూసి విడగొట్టండి. మిగిలిన మాటే అసలు పేరు.

దీనికి మంచి తోడు వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’, మద్రాసు, 1859. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కల పేర్ల పట్టిక. అమరావతి శిల్పాలు తవ్వించి తరలించిన ఇలియట్ ఈయనే. ఆ శిల్పాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ పేర్ల మూటను మాత్రం మనం ఇంట్లో కూర్చుని విప్పుకోవచ్చు. విట్లా ఏన్స్లీ 1813లో మద్రాసులో వేసిన ఔషధాల పుస్తకంలోనూ, 1869 నాటి మొయిదీన్ షరీఫ్ పుస్తకంలోనూ తమిళం, దక్కనీ, సంస్కృతాల పక్కన తెలుగు పేర్లు ఉంటాయి. నాలుగు భాషల పేర్లు పక్కపక్కన ఉంటే తప్పు రాసిన పేరును సరిదిద్దుకోవడం సులువు.

మీ ఊళ్ళో వాడే పేరు ఈ పట్టికల్లో లేకపోతే రాసి పెట్టుకోండి. ఆ మొక్క ఫోటోతో సహా.

పుస్తకంలోని శాస్త్రీయ నామం ఇంటర్నెట్‌లో దొరకడం లేదు. ఎందుకు?

మారిపోయి ఉంటుంది. ఇప్పకు రాక్స్‌బర్గ్ పెట్టిన బాసియా లాటిఫోలియా ఇప్పుడు మధూకా. బ్యూటియా ఫ్రాండోసా ఇప్పుడు బ్యూటియా మోనోస్పెర్మా. పాత పేరును లండన్ దగ్గరి క్యూ వృక్షోద్యానం వారి ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో కొడితే ఇప్పటి పేరు చూపిస్తుంది.

ఇవన్నీ ఎక్కడ చూడవచ్చు?

చాలావరకు ఉచితంగా, ఫోనులోనే. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో రాక్స్‌బర్గ్, వాన్ రీడ్, బ్లాక్‌వెల్ గ్రంథాలు పుట పుటా చూడవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చాలా ఉన్నాయి. రాక్స్‌బర్గ్ గీయించిన అసలు చిత్రాలు రెండున్నర వేలకు పైగా ఉన్నాయి. ఒక వరుస కలకత్తా పక్కన శిబ్‌పూర్ తోటలో, ఒక వరుస లండన్ దగ్గర క్యూలో ఉన్నాయి.

మన నిఘంటువుల కోసం హైదరాబాద్‌లోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ తయారుచేసిన ఇ-నిఘంటు చూడండి. ఒక మొక్క పేరు వెతికితే ఏ నిఘంటువులో ఏముందో చూపిస్తుంది.

మా ఇంట్లో తాతగారి వైద్యపు తాళపత్రాలు, పాత పుస్తకాలు ఉన్నాయి. ఏం చేయాలి?

ముందు ఏమీ చేయకండి. శుభ్రం చేద్దామని తడిగుడ్డ పెట్టకండి, ల్యామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. టేపు జిగురు కొన్నేళ్ళకు కాగితంలోకి దిగి పసుపు మరకగా మిగులుతుంది, ఇక వదలదు. పొడి గుడ్డలో చుట్టి, తేమ లేని చోట, ఎండ తగలకుండా పెట్టండి. గ్రంథాల మధ్య వస కొమ్ములు ఉంచే పాత అలవాటు పురుగుకు మంచి విరుగుడే. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారు కానీ, సిరా పట్టించిన అక్షరాలు చెదరకుండా చేయడం తెలిసినవాళ్ళ పని. హైదరాబాద్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ ఇలాంటి గ్రంథాలను భద్రపరిచే చోట్లు. అక్కడ అడగండి. ఈలోగా ప్రతి ఆకుకూ రెండు వైపులా, వరస తప్పకుండా, పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి.

చేత్తో రంగులు వేసిన పాత బొమ్మల పుస్తకమైతే ఆకుపచ్చ రంగు ఉన్న చోట వెనక వైపు చూడండి. గోధుమ రంగు మచ్చ కనిపిస్తే అది రాగి చిలుముతో చేసిన రంగు. అది కాగితాన్ని తినేస్తుంది. ఆ పుటను మడవకండి, మాటిమాటికీ తిప్పకండి.

ఒక్క పుస్తకంతో మొదలుపెట్టమంటే ఏది?

కోరమాండల్ మొదటి సంపుటం. ఫాల్గుణంలో మోదుగ పూసినప్పుడు ఫోనులో 21వ బొమ్మ తెరిచి చెట్టు కిందికి వెళ్ళండి. ఒక పువ్వు తీసుకుని విప్పి, చిత్రకారుడు రేకలను విడదీసి గీసిన వరసలోనే అరచేతిలో పరవండి. అయిదు రేకలు. వంకర తిరిగి కొనదేలిన జంట రేకల పొట్టలో పది కేసరాలు ఉంటాయి, తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. పేరు తెలియని ఆ మనిషి రెండువందల ఏళ్ళ కిందట ఆ ఒక్క కేసరాన్ని కూడా విడిగా చూసే ఉంటాడు.